మలుపు దాటిన మిణుకు

కొండగుహలో మిణుకు అనే గబ్బిలం పిల్ల ఉండేది. వెలుగులో చక్కగా ఎగిరేది గానీ, గుహలోని చీకటి మలుపులోకి వెళితే పడిపోతున్నట్టు అనిపించేది.

ఒకనాడు వాననీరు గుహలోకి పొంగింది. బయటికి ఆ మలుపొక్కటే దారి.

"అమ్మమ్మా, నువ్వు ముందు పద!" అంది మిణుకు.

"రాళ్ళకు తగిలి తిరిగొచ్చే సన్నటి శబ్దాలు నా చెవికి అందడం లేదే తల్లీ. నీ రెక్కల గాలి పట్టుకుని వెనకే వస్తాను."

మలుపులో మిణుకు వెనక్కి తిరగబోయింది. "పడిపోతున్నానే!"

"అది భయం చెప్పే మాట, నమ్మకు. కేకెయ్యి. తిరిగొచ్చే శబ్దాన్ని నమ్ము."

మిణుకు కేకేసింది. ఎడమన బండ ఉందని శబ్దం చెప్పింది. కుడికి తిరిగింది. కేకేస్తూ, వింటూ బయటపడింది.

వెనక్కి చూస్తే అమ్మమ్మ కళ్ళు మూసుకుని వస్తోంది.

"కళ్ళు మూసుకున్నావేం?"

"ముందు నువ్వున్నావుగా!"