ఫోటోలో అలలు

"ఇదేటి నేత, అత్తా? సీరంతా అలలు అలలుగా ఉన్నాది!"

ఫోన్ తీసి మా మేనత్త కూర్మమ్మ ముఖం ముందు పెట్టాను. పక్క మగ్గాల చప్పుడు టక్కున ఆగిపోయింది.

ఆమె నేసిన సన్నగళ్ల చీరను నేనే ఫోటో తీసి అమ్మకాల గ్రూపులో పెట్టాను. చూసినవాళ్లంతా నేత వంకరన్నారు. పొందూరులో నలభై ఏళ్లుగా నేస్తున్న మనిషి, ఫోను చూసింది, చీర చూసింది, వేళ్లతో తడిమింది.

"నాకు అగుపడనేదురా. కళ్లు పోయినట్టున్నాయి," అంది మెల్లగా.

నలుగురూ విన్నారు. నేను ఓదార్చను కూడా లేదు.

వారం తర్వాత, ఎచ్చెర్లలో చదివే మా చెల్లి ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. అలలు కదిలాయి, మారాయి, మాయమైపోయాయి.

"ఇంత సన్నగళ్లు సిన్న ఫోటోలో పట్టవు, అన్నియ్యా. అందుకే ఫోను లేని అలలు సూపిస్తాది. అత్త నేతలో తప్పేటీ నేదు."

ఆ పూటే పొందూరు వెళ్లాను. క్షమాపణ ఎలా చెప్పాలో దారంతా తడుముకుంటూనే ఉన్నాను. నేను నోరు తెరిచేలోగా అత్త మగ్గం మీది కొత్త చీర చూపించింది. గళ్లు అరచెయ్యంత వెడల్పున్నాయి.

"నీ ఫోనుకి అందేటట్టు ఏసినాను. సన్న నేత ఒగ్గీసినాన్రా, ఇంక నెయ్యను. ఇప్పుడు తియ్యి."

తీశాను.

ఒక్క అల కూడా లేదు.