పంతొమ్మిదేళ్ల ఎముకలు

"పెద్దమ్మా, నీ కొడుకు ఎన్నేళ్లకు పోయాడన్నావు?"

గోతిలోంచి ఖోవా అడిగాడు. అతని చేతిలో ఒక దవడ ఎముక ఉంది.

"పంతొమ్మిది" అంది మియెన్.

"పంతొమ్మిదికే పళ్లన్నీ రాల్చుకున్నాడా? పాలపళ్లు ఊడాక మళ్లీ మొలవలేదేమో!"

టార్పాలిన్ కింద నిలబడ్డ బంధువులు కిసుక్కున నవ్వారు. ఎముకల మీద ఎండ పడకూడదని తెల్లవారగానే దాన్ని కట్టారు. ఇప్పుడది వాళ్ల నవ్వులకు పందిరైంది.

పాతిపెట్టిన ఎముకలు తీసి, కడిగి, మట్టిపెట్టెలో పేర్చి ఇవ్వడం ఖోవా పని. ఎముకల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. మనుషుల గురించి కూడా.

మియెన్‌కి ఎనభై అయిదేళ్లు. ఒక్కడే కొడుకు, వింగ్. డెబ్భై రెండు యుద్ధంలో, ఈ కొండ మలుపులోనే, అతని ఫిరంగి దళం మీద బాంబులు పడ్డాయి. శవం దొరకలేదు. దేశం కోసం ప్రాణమిచ్చాడని ఎర్ర అంచు కాగితం ఒకటి ఇంటికొచ్చింది. కుటుంబ శ్మశానంలో అతని పేరుతో ఖాళీ సమాధి కట్టారు. తర్వాత భర్త కూడా దాని పక్కనే చేరాడు. తను పోయేలోగా కొడుకును తండ్రి పక్కన పడుకోబెట్టాలి. మియెన్‌కి మిగిలిన కోరిక అదొక్కటే.

పోయిన వారం కొడుకు కలలోకి వచ్చి చోటు చెప్పాడంది. నల్లబండకు తూర్పున నాలుగడుగులు, నడుంలోతు.

"కలలోకి టేపు కూడా తెచ్చుకున్నాడా వదినా?" అని మరిది తొవాన్ ఎగతాళి చేశాడు. తవ్వితే ఎముకలు సరిగ్గా అక్కడే దొరికాయి.

ఈ కొండ ఆవిడకు కొత్త కాదు. ఒకప్పుడు వెదురు మొలకల కోసం ఎక్కని వారం లేదు. పదేళ్ల కిందట మోకాళ్లు అరిగాయని మానేసింది. ఇవాళ మాత్రం ఎక్కడా కూర్చోకుండా ఎక్కేసింది.

ఖోవా పుర్రె అందుకున్నాడు.

"ఈ ఎర్రమట్టిలో ఎముక ఎన్నాళ్లుగా ఉందో చెప్పలేను. ఎన్నేళ్ల మనిషిదో మాత్రం చెప్తాను. కుర్రాడి పుర్రె మీద అతుకులు కుట్టుపనిలా కనిపిస్తాయి. ఇక్కడ చూడు, అరిగి నున్నగా అయిపోయాయి. ఆ వయసులో మెడకింది ఎముక కొస ఇంకా అతుక్కోదు, మూతలా ఊడొస్తుంది. ఇది రాయిలా ఉంది. వెన్నుపూసలకు ముక్కులు మొలిచాయి, బరువులు మోసి మోసి. వీడికి యాభై దాటాయి పెద్దమ్మా. నీ కొడుకు కాదు, కొడుకు తాత!"

మళ్లీ నవ్వులు.

"ఈ కుడి మణికట్టు చూడండి" అన్నాడు ఖోవా, ఉత్సాహం వచ్చి. "విరిగి వంకరగా అతుక్కుంది. మీవాడికి ఎప్పుడైనా చెయ్యి విరిగిందా?"

"పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా మావాడికి ఏ ఎముకా విరగలేదు" అంది మియెన్.

"అదీ సంగతి!" అన్నాడు తొవాన్. "ప్రాణమిచ్చిన మా వింగ్ పేరు కింద ఎవడో బోసినోటి కట్టెలవాణ్ణి పడుకోబెడతావా వదినా? మన వంశం పరువేం కాను? పూడ్చెయ్యండి!"

పారలు పట్టుకున్నవాళ్లు ముందుకు కదిలారు.

మియెన్ గోతి అంచున కూలబడింది. "పూడ్చకండి. మరిదీ, నలభై ఆరేళ్లుగా ఆ ఖాళీకి అగరొత్తులు వెలిగిస్తున్నాను. ఎవరో ఒకరిని ఉండనీ. వీణ్ణీ ఒక తల్లే కన్నదిగా. నేను పోయాక తీసి పారేసుకో."

"మతి పోయింది" అన్నాడు తొవాన్ అందరికీ వినపడేలా. ముసలిదానితో కొండ మీద వాదులాటేమిటని విసుక్కున్నాడు. "సరే, కానివ్వండి. ఈవిడ పోయిన మర్నాడే వాణ్ణి బయట పడేస్తాను."

ఖోవా పెదవి విరిచి సారా కలిపిన నీళ్ల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మియెన్ అతన్ని అడక్కుండానే కుప్పలోంచి మణికట్టు ఎముకలు ఏరి, తనే కడగడం మొదలుపెట్టింది.

"దాన్నెంత తోమినా వంకర పోదులే పెద్దమ్మా" అన్నాడు ఖోవా. "ఈ కట్టు కట్టినవాడెవడో గానీ వాడి చేతులు పడిపోను! గొడ్డుకైనా ఇంతకంటే బాగా కడతారు."

మియెన్ ఆ ఎముకలను ఇంకోసారి నీళ్లలో ముంచింది.

పదిహేనేళ్ల కిందట, ఆ బాంబుల రోజునే దళం నుంచి పారిపోయి ఈ కొండ గుహలో దాక్కుని బతుకుతున్న తన యాభై ఏళ్ల కొడుకు చేతికి, వెదురుబద్దలు పెట్టి ఆ కట్టు కట్టింది ఆవిడే.