వాసన లేని చెట్టు

సొన్నమ్మ దొడ్డి చేరేసరికి మునియప్ప కాళ్లు ఇక మా వల్ల కాదన్నాయి. పొద్దున మడివాళలో మొదలుపెట్టిన నడక. వర్తూరు చెరువుకట్ట దిగేటప్పుడు చెప్పు కూడా తెగింది. బస్సు కోసం ఆగి లాభం లేదు. యుద్ధం వచ్చినప్పటి నుంచి బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

దారి పొడుగునా కంచెలు చూసుకుంటూ వచ్చాడు. కానుగ. తుమ్మ. మళ్లీ కానుగ. ఆగనక్కరలేదు. మేకలు కాసేవాడి కొడుకు. అక్షరాలకంటే ముందు ఆకులు వచ్చాయి అతనికి. కొమ్మ వాలిన తీరు, బెరడు పగిలిన తీరు చూస్తే చాలు, పేరు నోటికి వచ్చేస్తుంది.

అతని ఖాకీ కోటు చూసి సొన్నమ్మ గడప దిగింది. బెంగళూరు దండు బజారులో, పాతబట్టల అంగడిలో కొన్న కోటు అది. భుజాల దగ్గర వదులు.

“చెట్లు చూసేదానికి వచ్చినావా సామీ?”

“ఊఁ. దొడ్డి చూడాలక్కా.”

“రా సామీ, రా. నేనే ఎవరినన్నా అడగాలని ఉంటిని.”

కొట్టం వెనక, మట్టిగోడ వారగా ఉంది చెట్టు. మునియప్ప దూరంలోనే ఆగిపోయాడు. సన్నటి కొమ్మలు కిందికి వాలి ఉన్నాయి. ఆకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా, వెనకవైపు వెలిసిపోయినట్టు. బెరడు నల్లగా, నిలువు పగుళ్లు తీసి ఉంది. రెండు చేతులతో పట్టినా అందని మాను.

శ్రీగంధం. బాగా ముదిరింది.

మైసూరు సీమలో శ్రీగంధం ఎవరి దొడ్డిలో మొలిచినా సర్కారుదే. అది పోతే మాత్రం జవాబు చెప్పుకోవలసింది దొడ్డివాళ్లు.

“మేము నాటింది కాదు సామీ. ఏదో పిట్ట వేసిపోయిన విత్తు. దీని పక్కన వంగ పెట్టినా ఎదగదు, మునగ పెట్టినా ఎదగదు. శ్రీగంధమేమోనని నాకు దిగులు. ఆకు నలిపి చూస్తిని, కొమ్మ విరిచి చూస్తిని. వాసనే లేదు. గంధమయితే గుమ్మనాల కదా?”

అందరూ చేసే పొరపాటే. ఆకులో ఉండదు వాసన, బెరడులో ఉండదు. మాను నడిమధ్య చేవలో ఉంటుంది. నరికితే గాని బయటపడదు.

మునియప్ప బెరడు మీద చెయ్యి వేశాడు.

“ఆ పక్కింటి తిమ్మరాయప్ప గతి తెలుసునా నీకు? వాళ్ల దొడ్డిలోదాన్ని పోయినేడు దొంగలు వేళ్లతో సహా తవ్వుకొని పోయిరి. నువ్వే అమ్ముకుంటివి అని ఠాణావాళ్లు ఆయప్పను పట్టుకొనిపోయిరి. వదిలిపెట్టినారు గానీ కుడిచెయ్యి లేవదిప్పుడు. ముద్ద తుంచి పెండ్లామే నోట్లో పెట్టాల.”

మునియప్ప చెయ్యి బెరడు మీదే ఆగిపోయింది. పోయినేడు తిమ్మరాయప్ప చెట్టును చూసిపోయినవాడు తనే. ఇది ముదురు గంధమే, అనుమానం లేదు అని చెప్పినవాడూ తనే. ఆ తర్వాత ఏమయిందో అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

“నాకు ఒక్కడే కొడుకు సామీ. ఆనేకల్‌లో మగ్గం నేస్తా ఉండాడు. ఇది పోతే వాణ్ణి పట్టుకొనిపోతారు. చెయ్యి పోతే వాడేం నేస్తాడు?”

ఈరోజు కూడా ఏమీ లేదంటే అడిగేవాళ్లున్నారు. వారం నుంచీ ఇదే మాట చెబుతున్నాడు. కండ్లు పోయినాయా నీకు అంటారు. అంతటితో ఊరుకోరు కూడా.

మునియప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఇది శ్రీగంధం కాదక్కా.”

“నిజమా సామీ?”

“వాసన లేదంటివే నువ్వే.”

“మరి ఏం చెట్టు?”

ఏ చెట్టుకైనా పేరు చెప్పగలవాడికి ఈ ఒక్కదానికి మాత్రం అబద్ధపు పేరు నోటికి రాలేదు.

“అడివి చెట్టు. పేరు లేదు.”

సొన్నమ్మ నెత్తి కొట్టుకుని నవ్వింది. “పేరు గూడ లేనిదానికా నేను ఇన్నేండ్లు నిద్ర చెడగొట్టుకొనింది! ఉండు, రేపే కొట్టించి పొయ్యిలో పెట్టేస్తా దీన్ని!”

“వద్దు!”

గొంతు మరీ పెద్దదయింది. తగ్గించుకున్నాడు.

“దీని పొగ కండ్లకు చెడ్డది. అట్లే ఉండనీ. దీని పాటికి ఇది ఉంటాది.”

ఆమె లోపలికి పోయి చెంబు నిండా రాగి అంబలి తెచ్చింది. రాగులు దొరకని రోజులు. వద్దన్నాడు. ఆమె వినలేదు. నిలబడే తాగి, చెంబు ఇచ్చేసి, తెగిన చెప్పు చేత పట్టుకున్నాడు.

“ఇంకొక మాటక్కా. నాలాంటివాడు ఎవడైనా వచ్చి చెట్లు చూడాలంటే దొడ్డిలోకి రానీయొద్దు.”

“బాగుందిలే! సర్కారోళ్లను వద్దనేదానికి మాకవుతుందా? నువ్వు మంచోడివి గాబట్టి నిజం చెప్పినావు.”

మునియప్ప తల వంచుకుని గడప దాటాడు. తిమ్మరాయప్ప ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టుదారిన పోయాడు.

పొద్దు వాలేవేళకు చెరువు దిగువన, వెదురుపొద వెనక గోనెలో రంపం చుట్టుకుని తన కోసమే కాచుకున్న ఇద్దరి ముందు కూలబడి, “ఈ ఊర్లో మనం కోసుకొనిపోయేంత చెట్టు ఒక్కటీ లేదప్పా” అన్నాడు.