రెండు ఎనిమిదులు

ఆదం సాహెబు కొట్టు కొనేవాళ్ళకి చెప్పబోయే బెల్లం ధరని పోటీ కొట్టుకి చేరవేసింది గుమాస్తా త్రినాధరావే. సాహెబు ఆరా తీసేలోగా ఆ నింద టైపిస్టు జాయ్స్ మీదకి తోసెయ్యాలి. అందుకు రెండు రోజుల కిందటి తేదీ, ఆగస్టు ఆరు, మంచిది. ఆ వేళ మామగారికి జ్వరమని త్రినాధరావు నాతవరంలో ఉన్నాడు. అప్పుడు కొట్లో ఉన్నవాళ్ళలో కంప్యూటర్ పని తెలిసింది జాయ్స్ ఒక్కతే.

కొట్టు ల్యాప్‌టాప్‌లో తేదీ మార్చే వీలు లేకుండా అమ్మినవాళ్ళే కట్టడి చేశారు. అయితే మిషన్ వేడెక్కుతోందంటే, ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే బయోస్ ప్రోగ్రాంని అప్‌డేట్ చేసుకోమని సీడీ కూడా వాళ్ళే పంపారు.

"ఇయ్యాల నేను తప్ప ఎవరూ ముట్టుకోకండి. తేడా వత్తే మిషన్ సచ్చిపోద్ది!" అని త్రినాధరావు అందరికీ వినబడేలా చెప్పాడు.

అప్‌డేట్ అయింది. బయోస్ నీలం తెర మీద ఫ్యాను సెట్టింగు సరిచేశాడు. దాని కిందే తేదీ, అడ్డూ ఆపూ లేకుండా: 08-08-2007. మొదటి ఎనిమిదిని ఆరు చేశాడు.

"అన్నయ్యగారూ, టీ సల్లారిపోతంది," అంటూ జాయ్స్ గ్లాసు పక్కన పెట్టింది. అతనికి గొంతు బాగోలేదని టీలో అల్లం కలిపించి తెచ్చింది. త్రినాధరావు వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. టీ తాగాక మళ్ళీ కదిలాయి.

పోటీ కొట్టుకి రాసినట్టు ధరల ఉత్తరమొకటి టైపు చేసి, జాయ్స్ ఫోల్డర్‌లో పెట్టి, ఆరుని తిరిగి ఎనిమిది చేసేశాడు.

సాయంత్రానికి సాహెబు ముందు ఆ ఉత్తరం తెరుచుకుంది.

"ఇదేటమ్మా?"

"నాకు తెల్దండి. మా ఇల్లు గడిసేది ఈ ఉద్యోగంతోనే. నేనెందుకు సేత్తానండీ?" అంది జాయ్స్.

"ఏ రోజు సేసిందో సూడండి సాయిబుగారూ. నేను ఊళ్ళో లేని రోజు సూసుకుంది," అన్నాడు త్రినాధరావు.

సాహెబు కళ్ళజోడు సర్దుకుని, తెర మీద ఉత్తరం తయారైన తేదీ చూపే ఇంగ్లీషుని కూడబలుక్కున్నాడు. "శుక్రవారం... జూన్ ఎనిమిది."

త్రినాధరావు గతుక్కుమన్నాడు. ఆ మాయదారి మిషన్ నెలని ముందు రాసుకుంటుందన్నమాట! అయినా తమాయించుకున్నాడు.

"జూన్లోనే మొదలెట్టేసిందన్నమాట, సూసేరా!"

"అదెలాగయ్యా," అన్నాడు సాహెబు మెత్తగా, "ఈ ల్యాప్‌టాప్‌ని వైజాగ్‌లో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని నువ్వు తెచ్చింది జూలైలో కదా!"