అందని చోటు

ప్రాక్టికల్ గదిలో బల్లకు ఇద్దరు. ఒకరు పడుకుంటే ఇంకొకరు ఎముకలు వెతకాలి.

కిటికీ పక్క బల్ల మీద మాత్రం ఒక్కతే కూర్చుని తన మోకాలిని తానే తడుముకుంటోంది.

ఫిజియోథెరపీ చివరి సంవత్సరం. లైసెన్సు పరీక్ష ఎవరు గట్టెక్కుతారో, ఎవరు తప్పుతారో పాత మార్కులు చూసి కంప్యూటరే ముందుగా చెప్పే పద్ధతి ఒకటి మేడం తెచ్చారు. వెనకబడ్డవాళ్లకు సాయం చేద్దామనే ఆవిడ ఉద్దేశం.

ఈమె పేరు పక్కన ఎర్రచుక్క పడింది.

మేడం చాటుగానే చెప్పారు. చాటు మాట మధ్యాహ్నానికల్లా క్యాంటీనుకు చేరింది. అప్పటినుంచి ఆమె పేరే 'ఎర్రచుక్క' అయిపోయింది.

మొదటి నుంచీ జోడీగా ఉన్న స్నేహితురాలు మర్నాడే తన దుప్పటి చంకన పెట్టుకుని పక్క బల్ల దగ్గర మూడోదానిగా చేరింది.

"ఏమనుకోకే. నాకూ భయంగా ఉంది."

ఏమీ అనుకోలేదని చెప్పింది. అనుకుంది. చాలా అనుకుంది.

ఫోనులో అమ్మ అడిగితే, జోడీ చాలా మంచిదనీ, ఎంతసేపైనా విసుక్కోకుండా పడుకుంటుందనీ చెప్పింది.

ఇక తన ఒళ్లే తనకు పాఠం. మోకాలు, చీలమండ, మోచెయ్యి, మెడ, అన్నీ కళ్లు మూసుకుని చెప్పగలదు. వీపే అందలేదు. చెయ్యి వెనక్కి మెలిపెడితే, భుజం వెనక వెతుకుతున్న రెక్క ఎముక కాస్తా పక్కకు జరిగిపోయేది. జరిగిన చోటే దాని అసలు చోటనుకుంది.

పరీక్షలో వీపే వచ్చింది.

బల్ల మీద ఒక పెద్దాయన బోర్లా పడుకుని ఉన్నారు. రెక్క ఎముక కింది కొన ఎక్కడుందో చూపించమన్నాడు ఎగ్జామినరు. ఆమె వేలు అలవాటైన చోటికే వెళ్లింది.

అక్కడ కొన లేదు.

వెతికింది. ఇంకొకరి ఒంటి వెచ్చదనం తగిలి ఎన్నాళ్లయిందో, వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"నిదానంగా చూడమ్మా. నాకేం తొందర లేదు" అన్నారు పెద్దాయన.

ఎగ్జామినరుకు ఉంది.

ఫలితాలొచ్చాయి. ఆ ఒక్కదాంట్లోనే తప్పింది. కంప్యూటరు చెప్పింది చెప్పినట్టే జరిగిందని స్టాఫ్ రూములో అందరూ మేడంను మెచ్చుకున్నారు.

మేడం వరండాలోకి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.

"ముందే తెలిసిందేగా. దిగులుపడకు" అంటూ వీపు మీద చెయ్యి వేశారు.

సరిగ్గా ఆ కొన మీద.

కాసేపు చెయ్యి తియ్యకండి మేడం అనాలనిపించింది ఆమెకు.