నాన్న గొంతు

"అమ్మయ్య, వచ్చావా! ఆ సంచి అక్కడ పడేసి చేతులు కడుక్కో, త్వరగా!"

ఆపరేషన్ గది పక్కనే, అప్పుడే పుట్టిన పిల్లల్ని కనిపెట్టి చూసే చిన్న గది అది. గుమ్మంలో నిలబడ్డ లాఫాయెలే బిత్తరపోయాడు. గుమ్మం నిండా పట్టేంత మనిషి. మాసినా అనే ఆ పెద్ద నర్సు అతని భుజానికైనా రాదు. అయినా ఎగిరి అతని మెడలో ఆకుపచ్చ గౌను తగిలించేసింది.

"సిస్టర్, నేను..."

"సవాయీ దీవి నుంచి వచ్చే పడవ ఆలస్యమైంది, అంతేగా? ఈ అపియా ఊళ్లో ఏ మగాణ్ణి అడిగినా ఇదే కథ. మీ ఆవిడకి కుట్లు వేస్తున్నారు, బాగానే ఉంది. నీ కూతురే నన్ను ఏడిపిస్తోంది, తను మాత్రం ఏడవదు."

వెచ్చటి దీపం కింద పాప గబగబా ఊపిరి తీస్తోంది. తీసిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. చిన్న మూలుగు వినిపిస్తోంది.

"నన్ను ఆఫీసువాళ్లు..."

"ఆఫీసు సంతకాలు తర్వాత! ఈ చెయ్యి కదలకుండా పట్టుకో. ఆ తీగ ఊడిందంటే ఆక్సిజన్ అంకె కనబడదు."

లాఫాయెలే తెరవైపు చూశాడు. అరవై ఎనిమిది.

"అయ్యో దేవుడా! ఇంత తక్కువా?"

"పుట్టగానే అందరికీ అంతే. కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తుల నిండా నీళ్లేగా! అవి ఇంకి గాలి నిండేకొద్దీ అంకె పెరగాలి."

పెరగలేదు. మాసినా ముఖంలో నవ్వు మాయమైంది. బొటనవేలంత మాస్కు పాప ముక్కూ నోరూ కప్పేలా పెట్టి మెల్లగా గాలి అందించసాగింది. లాఫాయెలే కళ్లు తేలేశాడు.

"నువ్వు ఊపిరి తీసుకోవయ్యా! ఇద్దరికి మాస్కు పెట్టడానికి నాకు నాలుగు చేతుల్లేవు."

అప్పుడే పాప గుప్పెట అతని వేలి చుట్టూ బిగుసుకుంది. ఇక అతను 'నేను' అని మొదలుపెట్టడం మానేశాడు.

"మాట్లాడు దాంతో. తొమ్మిది నెలలూ విన్న గొంతు కదా, ధైర్యం వస్తుంది."

"నా గొంతా?"

"మరి నాదా?"

లాఫాయెలే పాప మీదకి వంగాడు. "పాపా... శనివారం రగ్బీలో మావాళ్లు ఓడిపోయారు. రిఫరీ దొంగ."

డెబ్బై ఒకటి.

"ఆపకు! ఇంకా చెప్పు!"

"మా పిన్ని పందిని పెంచింది పాపా. అది మహా తిండిపోతు. ఆదివారం ప్రార్థనకెళ్లి పాస్టరుగారి టోపీ తినేసింది. ఆయన బోడిగుండుతోనే ప్రసంగం చెప్పాడు. జనం ఒకటే నవ్వు. పిన్ని మాత్రం, పందికి అరగలేదని ఏడ్చింది..."

పాప ఒక్కసారి ఒళ్లంతా విరుచుకుని కెవ్వుమంది. ఆ కేకకి నడవాలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"గుర్తుపట్టింది! నాన్న గొంతు గుర్తుపట్టింది!" మాసినా గంతేసింది.

అంకె మెల్లమెల్లగా తొంభై దాటింది. మూలుగు ఆగింది. ఛాతీ అలలా లేచి పడుతోంది. లాఫాయెలే వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పాప కోసం తెచ్చిన గుడ్డతోనే మాసినా అతని ముక్కు తుడిచింది.

"ముక్కు చూడు, అచ్చం నీదే. పాపం, ఆడపిల్ల!"

పాపని వెచ్చగా చుట్టి అతని చేతుల్లో పెట్టింది.

"పద. మీ ఆవిడ మెలకువగానే ఉంది. పిల్లని చూపించి, నుదుటి మీద గట్టిగా ఒక ముద్దు పెట్టు."

లాఫాయెలే మెడదాకా ఎర్రబడ్డాడు. పాప ఇంకా అతని వేలు వదల్లేదు. గొంతు సవరించుకున్నాడు.

"నేను ఏసీ బాగుచేయడానికొచ్చాను సిస్టర్, నాకింకా పెళ్లే కాలేదు!"