రాహుకాలంలో పెట్టుబడి

అయినా ఆ నీటి కంపెనీ షేర్లు కొనాలన్న ఈ కోరిక నాదేనా, లేక చెవిపోగులోని యాప్ నాలో నాటిందా అని దోసె తిరగేస్తూ ఆలోచిస్తోంది మేదిని. మొదటి జీతం వచ్చినప్పటి నుంచి అది చెవిలో గొణుగుతూనే ఉంది. స్నేహితురాలు లాస్య ఏ షేర్లు కొన్నదో ఆ యాపే చెబుతుంది, ఆలస్యం చేస్తే వెనకబడతావంటుంది, అంతలోనే మెచ్చుకుంటుంది. ఊళ్లో కుర్రకారందరి చెవుల్లోనూ ఇదే గొంతు. ఇక తన మనసు మాట తనకు వినబడేదెప్పుడు?

ఉన్నట్టుండి గొంతు ఆగింది. రాహుకాలం మొదలైంది. ఆ వేళ బెజవాడలో ఎవరూ డబ్బు పెట్టరని యాప్ ఎప్పుడో నేర్చుకుంది.

ఆ నిశ్శబ్దంలో మేదిని తనను తాను అడిగి చూసుకుంది. లాస్య గుర్తు రాలేదు, వెనకబడతానన్న భయమూ లేదు. సముద్రపు నీటిని మంచినీరు చేసే ఆ కంపెనీ గురించి తానే కూర్చుని చదివింది. ఇప్పటికీ అందులో పెట్టాలనే ఉంది. తన కోరికను తాను గుర్తుపట్టినందుకు ఆమెకు గర్వంగా అనిపించింది.

"అమ్మా, సగం జీతం ఇప్పుడే పెట్టేస్తున్నా."

"రాహుకాలంలోనా? మతుండే మాట్లాడుతున్నావా? లాస్య వింటే నవ్వుద్దే."

"నవ్వనీ. ఇప్పుడైతే ఎవరూ చెప్పకుండా పెట్టినట్టుంటది."

తల్లి ఆమెను తేరిపార చూసింది. "అచ్చం మీ తాత పొగరే," అంది మురిపెంగా.

మేదిని స్టవ్ ఆపి, చెవిపోగును తట్టి, కంపెనీ పేరు తన నోటితో చెప్పింది.